రచ్చ గెలిచినవాళ్లు ఇంట ఎందుకు ఓడుతున్నారు?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మన రాజకీయాల్లో ఈ వరస చాలాసార్లు తిరగబడింది. దేశమంతా పేరున్న మనిషి సొంత రాష్ట్రంలో, ఒక్కోసారి సొంత ఊళ్లోనే ఓడిపోతాడు. అప్పుడు పత్రికల్లోనూ టీవీల్లోనూ ఒకే మాట వినిపిస్తుంది: పెరటి చెట్టు మందుకు పనికిరాదని. అంటే చెట్టు మంచిదే, దాని గుణం తెలియని పెరటివాళ్లదే తప్పు అని. ఈ వ్యాఖ్యానంతో నాకు పేచీ ఉంది. ఆ చెట్టు ఆకు నమిలి చూసింది పెరట్లో ఉన్నవాళ్లే. చేదో వగరో వాళ్లకే తెలుసు. బయటివాళ్లు చూసింది ఫొటో మాత్రమే.

1989లో నేషనల్ ఫ్రంట్ ఛైర్మన్‌గా ఎన్.టి. రామారావు దేశమంతా తిరిగారు. ఆ ఫ్రంట్ ఢిల్లీలో అధికారానికి వచ్చింది. ఇక్కడ మాత్రం తెలుగుదేశం శాసనసభ ఎన్నికల్లో ఓడిపోయింది, 42 లోక్‌సభ స్థానాల్లో దానికి దక్కినవి రెండే. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాదు వచ్చి వెళ్లాడు. చంద్రబాబునాయుడి పేరు దావోస్ దాకా మోగింది. విదేశాల నుంచి వచ్చిన అతిథులకు చూపించడానికి డ్వాక్రా సంఘాల స్త్రీలను కూర్చోబెట్టి మాట్లాడించిన రోజులవి. 2004లో 294 మంది సభలో ఆయన పార్టీకి మిగిలింది 47. మన దగ్గరే ఇలా జరుగుతుందనుకోనక్కరలేదు. గోర్బచేవ్‌కు 1990లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 1996లో రష్యా అధ్యక్ష పదవికి పోటీ చేస్తే ఒక్క శాతం ఓట్లు కూడా రాలేదు. బయటి ప్రపంచానికి అతను యుద్ధభయం తగ్గించిన మనిషి. ఇల్లు నడిపే రష్యన్ స్త్రీకి అతని పేరు చెబితే ఖాళీ దుకాణం, దాని ముందు వరుస గుర్తొచ్చేవి.

అయితే ఇంట ఓడిన ప్రతివారూ ఓడదగినవారేనని నేననడం లేదు. 'ఇల్లు' అన్న మాటను కొంచెం విప్పి చూడాలి. ఇల్లంటే ఒకే మనసుతో ఆలోచించే ముద్ద కాదని, అందులో అధికారం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఉంటారని మొదట చెప్పింది స్త్రీవాదులమే కదా. పి.వి. నరసింహారావు 1971 నుంచి 1973 దాకా ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు భూపరిమితి కోసం పట్టుబట్టారు. దానికి ఆయన మీద కక్ష పెంచుకున్నవాళ్లు భూస్వాములు, నాట్లు వేసే కూలి స్త్రీలు కారు. 1984లో హన్మకొండలో ఆయన ఓడిపోవడానికి వేరే కారణాలున్నాయి. ఆ ఎన్నికల్లోనే మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి గెలిచారు. ప్రధానమంత్రి అయ్యాక 1991లో లోక్‌సభకు వెళ్లింది నంద్యాల నుంచి. కాబట్టి ఫలానావారికి ఇంట ఆదరణ లేదు అనగానే, ఇంట్లో ఎవరి దగ్గర లేదు అని అడగాలి.

ఈ ప్రశ్న అడగడానికి నిజామాబాదు జిల్లా కంటే మంచి చోటు నాకు కనబడలేదు. స్త్రీల పని మీద నా పరిశోధన కోసం ధర్పల్లికీ బోధన్ చుట్టుపక్కల ఊళ్లకూ ఏళ్ల తరబడి తిరుగుతున్నాను. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఉమ్మడి జిల్లాలో వెయ్యిమంది మగవాళ్లకు 1040 మంది స్త్రీలున్నారు. ఇది చూసి ఇక్కడ స్త్రీలకు మంచి రోజులున్నాయని మురిసిపోనక్కరలేదు. మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్నారు. ఇక్కడ పొలం, అప్పు, పిల్లల చదువు, అత్తమామల మందులు అన్నీ స్త్రీల చేతుల్లోనే ఉన్నాయి. వాటితోపాటు బీడీల చాట ఉంది. ఏ ఊరికి వెళ్లినా అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ కనిపించేది వీళ్లే. నాయకుడి లెక్క చూసేదీ వీళ్లే. నెలకు ఎన్ని దినాలు పని దొరికింది, పింఛను వచ్చిందా, పసుపు ఎంతకు పోయింది అన్నది వీళ్ల నోటికి లెక్క.

ఈ జిల్లా నుంచి ధర్మపురి శ్రీనివాస్ రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. 2004లోనూ 2009లోనూ ఆ పార్టీ రాష్ట్రంలో గెలిచినప్పుడు అధ్యక్షుడాయనే. 2009లో పార్టీ గెలిచింది, ఆయన నిజామాబాదు అర్బన్‌లో ఓడిపోయారు. 2010 ఉపఎన్నికలోనూ ఓడారు. 2014లో ధర్పల్లి ఉన్న నిజామాబాదు రూరల్‌కు మారారు, అక్కడా ఓడారు. హైదరాబాదులో పార్టీని నడిపించిన మనిషి మీద ఇక్కడివాళ్లకు కోపమెందుకు? ముఖ్యంగా 2010 నాటికి తెలంగాణ విషయంలో అటో ఇటో తేల్చి చెప్పాల్సిన చోటు ఇది. రాష్ట్రమంతటి పార్టీకి పెద్దగా ఉన్న మనిషికి తేల్చి చెప్పడమే కష్టం. బయట ఆయనకు బలమైన పదవే ఇక్కడ సంకెల అయింది. ఇది కొత్త సంగతేమీ కాదు, ముందుకు పోతాను.

నేను ఎక్కువగా మాట్లాడదలచుకున్నది కల్వకుంట్ల కవిత గురించి. మన సంఘాల్లో ఈ చర్చ మొదలుపెట్టగానే ఎవరో ఒకరు ఇబ్బందిగా కదులుతారు, అందుకే రాతలో పెడుతున్నాను. తెలంగాణ జాగృతి పేరుతో బతుకమ్మను విదేశాల దాకా తీసుకుపోయిన మనిషి ఆమె. 2014లో నిజామాబాదు నుంచి లక్షా అరవై వేల పైచిలుకు మెజారిటీతో లోక్‌సభకు వెళ్లింది. ఐదేళ్ల తర్వాత 2019 ఏప్రిల్‌లో అదే చోట 70,875 ఓట్ల తేడాతో ఓడిపోయింది. అప్పుడు రాష్ట్రంలో ప్రభుత్వం ఆమె తండ్రిది. కొద్ది నెలల ముందే జరిగిన శాసనసభ ఎన్నికల్లో ఆ పార్టీ ఘనంగా గెలిచింది. అయినా ఓడింది.

ఆ ఎన్నిక దేశంలో ఎక్కడా జరగని తీరులో జరిగింది. 185 మంది బరిలో ఉంటే వారిలో 170 మందికి పైగా రైతులు. పసుపు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు కావాలని ఆ ఫిబ్రవరిలో ఆర్మూరు దగ్గర జాతీయ రహదారి మీద కూర్చున్నవాళ్లు, ఎవరూ పలకకపోతే నామినేషన్లు వేశారు. ఒక్కొక్క డిపాజిట్ 25,000. తిరిగి రాదని తెలిసే కట్టారు. ఎన్నికల సంఘం ప్రతి పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు కలిపి పెట్టాల్సి వచ్చింది. ఓటరు తన గుర్తు వెతుక్కుంటూ ఆ బల్ల చుట్టూ నడవాలి. వాళ్లు గెలవడానికి నిలబడలేదు, తమ ధర సంగతి దేశానికి వినిపించడానికి నిలబడ్డారు. వినిపించింది కూడా.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ ఉద్యమం ఫొటోల్లో ఎక్కువగా మగవాళ్లే కనబడ్డారు. రైతు అంటే పట్టాదారు పాస్‌బుక్కు ఉన్నవాడు. పసుపు తొమ్మిది నెలల పంట. కలుపు తీసేది స్త్రీలు, తవ్వినాక గడ్డలు ఏరేది స్త్రీలు, ఉడికించి ఆరబోసేటప్పుడు ఎండలో వంగి ఉండేది స్త్రీలు, కొమ్ములూ మండలూ వేరు చేసేది స్త్రీలు. పాస్‌బుక్కు వాళ్లలో ఎంతమంది పేర్న ఉంటుందో మనకు తెలియనిది కాదు. 2018లో మొదలైన రైతుబంధు డబ్బు పట్టాదారుకే వచ్చింది. కౌలుకు చేసే కుటుంబాలకూ కూలికి పోయే ఆమెకూ రాలేదు. ఈ జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీల పెత్తనం, వాటి సాంఘిక బహిష్కరణలు ఎరిగినవాళ్లెవరూ ఊరంతా ఒక్కటై చేసిన పనిని పూర్తిగా మెచ్చుకోలేరు. అయినా ఆ ధర అడగడం న్యాయమే. ఇంటికి వచ్చే ధర తగ్గితే మొదట కోత పడేది ఎవరి పళ్లెంలోనో మనకు తెలుసు.

పసుపు బోర్డు కోసం కవిత పార్లమెంటులో అడగలేదా? అడిగింది. బోర్డు ఇవ్వాల్సింది కేంద్రం, ఇవ్వలేదు. ఈ లెక్కన తప్పు ఆమెది కాదని వాదించవచ్చు. కాని అధికార పార్టీ ఎంపీ, ముఖ్యమంత్రి కూతురు అడిగినా కానిది ఏమిటని ఇక్కడివాళ్లు అనుకున్నారు. పైగా బోర్డు కేంద్రానిదైతే చక్కెర ఫ్యాక్టరీ మాటేమిటి? బోధన్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. నిజాంసాగర్ నీళ్లు, వేల ఎకరాల చెరకు, శక్కర్‌నగర్ క్వార్టర్లు, బడి, ఆస్పత్రి, అన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే. దావోస్‌లో మన్ననలందుకున్న ప్రభుత్వమే 2002లో దాన్ని ప్రైవేటు భాగస్వామికి అప్పగించింది. 2014 ఎన్నికల్లో దాన్ని ప్రభుత్వం తిరిగి తీసుకుంటుందని టీఆర్‌ఎస్ మాటిచ్చింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. 2019 జూన్‌లో కంపెనీ లా ట్రైబ్యునల్ దాన్ని అమ్మి బాకీలు తీర్చమంది. శక్కర్‌నగర్‌లో జీతాలు ఆగిన ఇళ్లల్లో కొత్తగా కుట్టుమిషన్లు, బీడీల చాటలు చేరడం నేను చూశాను. ఫ్యాక్టరీ మూతపడిందన్న వార్త ఢిల్లీలో ఎవరికీ గుర్తుండదు. బోధన్‌లో మర్చిపోయినవాళ్లు లేరు.

బీడీ కార్మికుల పింఛను సంగతీ చెప్పాలి, లేకపోతే అన్యాయం చేసినదాన్నవుతాను. 2015లో ఆ ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి ఇచ్చింది. 2019లో అది 2,016 అయింది. మొదటిసారి ఒక ప్రభుత్వం బీడీలు చేసే స్త్రీని కార్మికురాలిగా చూసిందని ధర్పల్లిలో చాలామంది ఇప్పటికీ అంటారు. పీఎఫ్ ఖాతా ఉన్నవాళ్లకు వచ్చింది. ఇంకొకరి కార్డు మీద బీడీలు చేసి ఇచ్చే ఆమెకు రాలేదు. 2017లో బీడీల మీద 28 శాతం జీఎస్టీ పడ్డాక పనిదినాల మీద దెబ్బ పడింది. పింఛను చేతికి వస్తూనే ఉంది, పని చేతి నుంచి జారిపోతూ ఉంది. ధర్పల్లిలో ఒకామె నాతో అన్నది: "టీవీల అందరు మంచిగనే మాట్లాడ్తరు మేడం. నెలకు పనెన్ని దినాలు దొర్కుతదో గది చెప్పుమనుండ్రి."

ఓడిన ఏడాదిన్నరకు, 2020 అక్టోబరులో, స్థానిక సంస్థల ప్రతినిధుల ఓట్లతో కవిత ఇదే జిల్లా నుంచి శాసనమండలికి వెళ్లింది. జనం వద్దన్నదానికి ప్రతినిధులు సరేనన్నారు. ఇదొక్కటే చాలు మన ప్రజాస్వామ్యం మీద ఒక వ్యాసం రాయడానికి. దేశమంతా ఆమెను స్త్రీల హక్కుల గొంతుగా చూడటం మొదలైంది ఆ తర్వాతే. 2023 మార్చి 10న ఢిల్లీలో జంతర్‌మంతర్ దగ్గర మహిళా రిజర్వేషన్ బిల్లు కోసం ఆమె నిరాహారదీక్ష చేసింది. చాలా పార్టీల ప్రతినిధులు వచ్చి కూర్చున్నారు. మన సంఘాల నుంచి సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. డిమాండు మనదే కదా.

ఇప్పుడు ఇంటి సంగతి చూడండి. 2014 జూన్‌లో ఏర్పడిన తెలంగాణ మొదటి ప్రభుత్వంలో ఒక్క మహిళా మంత్రి లేదు. రాష్ట్రంలో మొదటి మహిళా మంత్రులు వచ్చింది 2019 సెప్టెంబరులో. అంటే ఐదేళ్లకు పైగా బతుకమ్మ రాష్ట్ర పండుగ, మంత్రివర్గంలో ఆడమనిషి లేదు. 2017లో పంచిన బతుకమ్మ చీరెలు బాగాలేవని కొన్నిచోట్ల స్త్రీలు రోడ్డు మీద వేసి తగలబెట్టారు. అది చీరె నాణ్యత మీద కోపమే అనుకుంటే పొరపాటు. ఇక, జంతర్‌మంతర్ దీక్ష జరిగిన ఐదు నెలలకు 2023 ఆగస్టులో ఆ పార్టీయే 115 మంది శాసనసభ అభ్యర్థుల జాబితా విడుదల చేసింది. అందులో స్త్రీలు ఏడుగురు. మిగతా పార్టీలు ఉద్ధరించాయని కాదు. ఆ డిసెంబరులో 119 మంది సభలోకి వచ్చిన స్త్రీలు అన్ని పార్టీలూ కలిపి పదిమంది. కాని ఢిల్లీలో మూడోవంతు అడిగిన పార్టీ ఇంట్లో ఆరు శాతం ఇచ్చింది. జాబితా రాసింది ఆమె కాదు, నిజమే. ఆ ఇంట్లో ఆమె మాట ఎంత చెల్లుతుందో బయటికి తెలిసింది. 2025 సెప్టెంబరులో ఆ పార్టీ ఆమెను సస్పెండ్ చేసింది, మర్నాడే ఆమె శాసనమండలికి రాజీనామా ప్రకటించింది.

కాబట్టి బయట పేరుకూ ఇంట ఓటమికీ నా దృష్టిలో కారణం ఇది. బయటివాళ్లు నాయకుల మాట వింటారు, ఆ మాట నిజంగానే మంచిది కావచ్చు. ఇంటివాళ్లు ఆ మాటకూ చేతకూ మధ్య దూరాన్ని తమ ఒంటి మీద కొలుచుకుంటారు.

కాని స్త్రీ విషయంలో ఈ కొలత కల్తీ అవుతుంది. కవితను ఇందూరు కోడలిగా పరిచయం చేశారు. ఆమె అత్తగారి ఊరు నవీపేట మండలం పోతంగల్. పుట్టినింటి లెక్కన చింతమడక బిడ్డ, అంటే ఇక్కడికి పరాయిది. కోడలి లెక్కన ఇక్కడిది, అంటే అణిగి ఉండాల్సింది. గెలిచినప్పుడు 'మన కోడలు', ఓడినప్పుడు 'ఎక్కడినుంచో వచ్చింది.' రెండూ నేను విన్నవే. ఆమె తండ్రి 2004లో కరీంనగర్ నుంచి, 2009లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లినప్పుడు ఆయన ఏ ఊరి అల్లుడని ఎవరూ అడగలేదు. 2023లో కామారెడ్డిలో పోటీ చేసినప్పుడు ఆ దగ్గరి ఊరు తన తల్లిగారిదని ఆయన చెప్పుకున్నారు. మగవాడికి తల్లి పుట్టిల్లు కూడా అదనపు హక్కే. అక్కడ ఆయనా ఓడారు. మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలు పోతాయని ఆ జనవరిలోనే కామారెడ్డి రైతులు రోడ్డెక్కారు. ఆ ఓటమికి కారణాలు వెతికినవాళ్లు పొలాల గురించి మాట్లాడారు. ఆయన నడక గురించో నగల గురించో మాట్లాడలేదు.

వై.ఎస్. షర్మిలకూ ఇదే జరిగింది. 2021లో తెలంగాణ కోడలినంటూ ఇక్కడ పార్టీ పెడితే ఆంధ్ర ఆడబిడ్డకు ఇక్కడేం పనన్నారు. 2024లో కడపకు వెళ్లి లోక్‌సభకు నిలబడితే తెలంగాణ కోడలికి ఇక్కడేం పనన్నారు. ఓడిపోయింది. ఓడినందుకు నాకు ప్రత్యేకంగా బాధ లేదు, ఆమె రాజకీయాలు వేరు. ఆడమనిషికి 'సొంత రాష్ట్రం' అంటూ ఒకటి ఉండనివ్వని ఈ పద్ధతి మీద మాత్రం మనం నోరు విప్పలేదు.

ఈ రెంటినీ విడదీసి చూడటం మన కార్యకర్తలు చేయాల్సిన పని. పసుపు ధర గురించి, ఫ్యాక్టరీ గురించి, అభ్యర్థుల జాబితా గురించి నాయకురాలిని నిలదీయడం రాజకీయం. కోడలివన్నదీ, చీరె గురించీ నగల గురించీ అన్నదీ మగ పెత్తనం. మనవాళ్లు కొందరు రెండోదానికి భయపడి మొదటిది కూడా మానేస్తున్నారు. సాటి స్త్రీని విమర్శిస్తే శత్రువుకు బలమిచ్చినట్టవుతుందంటారు. నేను ఒప్పుకోను. వేదిక మీద మన పక్కన కూర్చున్న నాయకురాలిని ధర్పల్లి స్త్రీ ఏం అడుగుతుందో అది మనం అడగకపోతే, ఆమెను వదిలి నాయకురాలి పక్షం చేరినట్టే.

గెలిచినవారి సంగతీ ఇంటివాళ్లు ఇలాగే చూస్తున్నారు. 2019లో గెలిచిన ధర్మపురి అర్వింద్ పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చారు. బోర్డు ప్రకటన 2023 అక్టోబరులో, అంటే నాలుగేళ్ల తర్వాత వచ్చింది. ఆ తర్వాతి నెలలోనే ఆయన తన లోక్‌సభ నియోజకవర్గంలోని కోరుట్ల నుంచి శాసనసభకు పోటీ చేసి ఓడిపోయారు. ఆరు నెలలకు లోక్‌సభకు లక్షకు పైగా మెజారిటీతో మళ్లీ గెలిచారు. 2025 జనవరి 14న బోర్డు నిజామాబాదులో మొదలైంది. ఒకే మనిషిని ఒక పనికి వద్దని, ఇంకో పనికి సరేనన్న ఓటర్లను పట్టుకుని పెరటి చెట్టు సామెత చెప్పేవాళ్లు ఈ వరస ఒకసారి చూసుకోవాలి. బోర్డు వచ్చింది కదా, కొమ్ములు వేరు చేసే ఆమె కూలి పెరుగుతుందా అన్న ప్రశ్న మాత్రం ఇంకా ఎవరి బాండు పేపరు మీదికీ ఎక్కలేదు.

2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ చట్టం పార్లమెంటులో నెగ్గింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాశారు. అమలైననాడు నిజామాబాదు రూరల్ స్త్రీలకు కేటాయించారనుకుందాం. ఎవరు నిలబడతారు? హైదరాబాదు నుంచి ఎవరి కూతురో, ఎవరి కోడలో వచ్చి నిలబడితే మనం ఏం మాట్లాడతాం? మీలో ఒకరు ఎందుకు నిలబడకూడదని ధర్పల్లిలో బీడీలు చేస్తున్న నలుగురైదుగురిని అడిగాను. శాసనసభకు డిపాజిట్ పదివేలని చెప్పాను. అందరికంటే పెద్దామె చాట పక్కన పెట్టి, "పదివేలా? నా పీఎఫ్‌ల ఎంతున్నదో ముందుగాల గది అడిగిరా మేడం, గప్పుడు చెప్త" అన్నది.